ఒకే పెట్టె, మూడు ప్రయోగాలు: స్పేస్ స్టేషన్‌కు పేలోడ్ పంపేముందు తేల్చుకోవాల్సినవి

తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ కాలేజీ బాటనీ సార్ ఒకరికి ఆముదం గింజలను అంతరిక్షంలో మొలకెత్తించి చూడాలని ఉంది. నల్లగొండలో ఫ్లోరోసిస్ మీద పనిచేస్తున్న మేడమ్ ఒకరు, ఎముక కణాలకు ఫ్లోరైడ్ ఇచ్చి భారరహిత స్థితిలో అవి ఎలా ప్రవర్తిస్తాయో తెలుసుకోవాలనుకుంటున్నారు. దివిటిపల్లి ఐటీ టవర్‌లో పనిచేసే నలుగురు కుర్రాళ్లు తాము తయారుచేసిన రేడియేషన్ సెన్సర్ బోర్డు పైన పనిచేస్తుందో లేదో పరీక్షించాలనుకుంటున్నారు. ముగ్గురూ ఖర్చు పంచుకుందామని ఒక విదేశీ ఇంటిగ్రేటర్‌ను, అంటే ప్రయోగాన్ని (పేలోడ్‌ను) స్టేషన్‌లో అమర్చేలా సిద్ధం చేసి పంపే ఏర్పాట్లు చూసే వ్యక్తిని, సంప్రదిస్తే, "మా దగ్గర స్టాండర్డ్ పెట్టె ఉంది, అందరికీ అదే సరిపోతుంది, ఫారం నింపి పంపండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడట. ఆ మాట నమ్మొచ్చా, కస్టమర్‌ను బట్టి ఇంటిగ్రేషన్ ఎంతవరకు మారుతుంది, మన సొంత స్టేషన్ వచ్చేదాకా ఆగితే నయమా అన్నవి మీరు అడిగిన మూడు సంగతులు.

నాది దేవరకొండ వైపు. పేలోడ్ ఇంటిగ్రేషన్‌లో, అందులోనూ ఎక్కువగా బయాలజీ ప్రయోగాల పనిలో ఏళ్ల తరబడి ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

పెట్టె అందరికీ ఒకటే అన్న మాటలో అబద్ధం లేదు. కానీ మీ ముగ్గురిలో మేడమ్‌కు ఆ పెట్టె చాలదు, సార్‌కు ఆ పెట్టే అక్కర్లేదు, కుర్రాళ్లకైతే అసలు ఆ స్టేషనే అక్కర్లేదు. ఈ తేడా చెప్పకుండా ముగ్గురికీ ఒకే ఫారం పంపాడంటే ఆయన ఇంకా మీ ప్రయోగాల గురించి ఆలోచించడం మొదలుపెట్టలేదన్నమాట.

పెట్టె సంగతి ముందు చూద్దాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఎక్స్‌ప్రెస్ ర్యాక్ అని ఒక అమరిక ఉంది. మొదటి రెండు 2001లో వెళ్లాయి. ఒక్కో ర్యాక్‌లో 8 లాకర్లు, 2 డ్రాయర్లు పడతాయి. కరెంటు 28 వోల్టుల డీసీ, చల్లబరిచే గాలి, డేటా తీగ అన్నీ సిద్ధంగా ఉంటాయి. అంతకుముందు ఒక్కో ప్రయోగానికి ఒక్కో రకం బిగింపు, ఒక్కో రకం కనెక్టర్ తయారుచేసుకోవాల్సి వచ్చేది. ఈ ర్యాక్ వచ్చాక ఆ గొడవ తగ్గింది. కానీ లాకరంటే పెద్ద ప్రయోగశాలల స్థాయి వ్యవహారం. కాలేజీలు, చిన్న కంపెనీలు అక్కడిదాకా రాలేకపోయాయి. 2009లో మొదలైన నానోరాక్స్ అనే కంపెనీ ఆ లాకర్‌ను ఇంకా ముక్కలు చేసింది. 10 సెంటీమీటర్ల ఘనం, కంప్యూటర్‌కు పెట్టుకునే యూఎస్‌బీ లాంటి కనెక్షన్, ఒక పలక మీద 16 ఘనాలు. యూరప్ వాళ్లు 2018లో కొలంబస్ మాడ్యూల్‌లో ఐస్ క్యూబ్స్ పేరుతో ఇలాంటిదే పెట్టారు. బయట శూన్యంలో పెట్టాలనుకునేవాళ్లకు 2020లో ఎయిర్‌బస్ వాళ్ల బార్టోలోమియో వేదిక, అదే ఏడాది చివర్లో బిషప్ ఎయిర్‌లాక్ వచ్చాయి. బడిపిల్లల నుంచి మందుల కంపెనీల దాకా అందరూ ఇవాళ కస్టమర్లయ్యారంటే ఈ ముక్కలు చేయడమే కారణం.

అయితే ఈ స్టాండర్డ్ పెట్టెలన్నీ పట్టించుకునేది పెట్టె బయటి గోడల వరకే. ఆర్టీసీ కార్గో కౌంటర్‌లో సైజు, బరువు చూసి రసీదు ఇస్తారు. లోపల ఉన్నది మామిడిపండ్లా మందుసీసాలా, ఎండలో ఎంతసేపు ఉండగలవు అన్నది పంపేవాడే చూసుకోవాలి. మీతో మాట్లాడిన పెద్దమనిషి ఇప్పటికి కౌంటర్ మనిషే. మీకు కావాల్సింది పార్శిల్ విప్పి చూసే మనిషి.

ఇంటిగ్రేషన్‌లో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి ఎవరి కోసమూ మారదు. కరెంటు ఎంత తీసుకోవచ్చు, ఎంత చప్పుడు చేయొచ్చు, రాకెట్ కుదుపులు తట్టుకుంటుందా, పదునైన అంచులున్నాయా, గాజు పగిలితే ముక్కలు బయటికి వస్తాయా, వేడికి ప్లాస్టిక్ ఏ వాసనలు వదులుతుంది, మంట అంటుకుంటే ఏమవుతుంది లాంటివన్నీ ఇందులోకి వస్తాయి. సేఫ్టీ ప్యానెల్ ముందు డిజైన్ దశ నుంచి ఫ్లైట్ దశ దాకా విడతల వారీగా కూర్చోవాలి. నోబెల్ గ్రహీతైనా ఎనిమిదో తరగతి పిల్లాడైనా అక్కడ ఒకటే. దీని మీద బేరం ఆడదామనుకునే కస్టమర్లు నాకు అప్పుడప్పుడు తగులుతుంటారు, ముఖ్యంగా డబ్బున్నవాళ్లు. ప్రయోజనం ఉండదు.

రెండో భాగం కస్టమర్‌ను బట్టి పూర్తిగా మారిపోతుంది. వ్యోమగామి చేయి ఎంతసేపు కావాలి, ఎంత చల్లదనం కావాలి, రాకెట్ ఎక్కేముందు ఎంత ఆలస్యంగా అప్పగించాలి, వెనక్కి తేవాలా, డేటా ఎవరు చూడొచ్చు అన్నవి. ఇంటిగ్రేటర్ తీసుకునే డబ్బుకు న్యాయం చేసేదీ చేయనిదీ ఇక్కడే తెలుస్తుంది. ఈ రెండో భాగం ఏ ఫారంలోనూ పూర్తిగా పట్టదు. ఎందుకంటే శాస్త్రవేత్తకు తన ప్రయోగంలో తాను చేత్తో చేసే పనులు సగం గుర్తుండవు. రోజూ చేసేవి కాబట్టి అవి పనులుగానే కనిపించవు. నేను కొత్త కస్టమర్ దగ్గరికి వెళ్తే ముందు ఫారం తీయను. వాళ్ల ల్యాబ్‌లో ఒక మూలన నిలబడి ప్రయోగం మొదటి నుంచి చివరి దాకా చేయించి చూస్తాను, వాళ్ల చేతులు ఎక్కడెక్కడికి పోతున్నాయో రాసుకుంటాను.

మేడమ్ ప్రయోగాన్నే తీసుకుందాం, ముగ్గురిలో కష్టమైనదీ, నాకు ఆసక్తి కలిగించిందీ అదే. వ్యోమగాములకు బరువు మోసే ఎముకల్లో నెలకు 1 నుంచి 1.5 శాతం సాంద్రత తగ్గిపోతుంది. ఫ్లోరోసిస్‌లో కథ వేరు. ఎముక చిక్కబడినట్టు ఎక్స్‌రేలో కనిపిస్తుంది, కానీ పెళుసుగా ఉంటుంది. ఒకచోట ఎముక పలచబడుతోంది, ఇంకోచోట పనికిరాకుండా పేరుకుంటోంది. రెండు శక్తులూ ఒకే కణం మీద పనిచేస్తే ఏమవుతుందన్నది మంచి ప్రశ్న. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వంగిపోయిన నడుములను చూసినవాళ్లకే తట్టే ప్రశ్న కూడా. ఇలాంటి ప్రశ్న ఉన్న కస్టమర్‌ను 10 సెంటీమీటర్ల డబ్బాలో కూర్చోబెట్టి సగం ప్రశ్నను కోసేయడం నాకు ఇష్టం ఉండదు.

ఆమె ల్యాబ్‌లో ఏం జరుగుతుందో ఊహించి చెబుతాను, తప్పయితే సరిదిద్దండి. ప్లేట్ తీస్తారు. మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, రంగు గులాబీ నుంచి పసుపుకు తిరిగిందేమో ఒక్క చూపు చూస్తారు. తిరిగితే ప్లేటును కొంచెం వంచి, ఒక మూలకు చేరిన పాత ద్రవాన్ని పిప్పెట్‌తో లాగేసి కొత్తది పోస్తారు. బుడగ కనిపిస్తే వేలితో చిన్నగా తడతారు, అది పైకి తేలి పగిలిపోతుంది. మళ్లీ 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో పెట్టేస్తారు. మొత్తం కలిపి రెండు నిమిషాల పని.

పైన ఇందులో ఒక్కటి కూడా ఇలా జరగదు. వంచితే ద్రవం మూలకు చేరదు, ఎందుకంటే అక్కడ కింద అనేదే లేదు. బుడగ పైకి తేలదు, కణాల మీదే అతుక్కుని కూర్చుంటుంది. దాని కింద ఉన్న కణాలకు మీడియం అందక ఎండిపోతాయి. తిరిగొచ్చాక చూస్తే ఒక గుండ్రటి మచ్చ మేర కణాలుండవు, అది ఫ్లోరైడ్ వల్లనా బుడగ వల్లనా అని తేల్చలేక తలపట్టుకోవాలి. కాబట్టి మూతి తెరిచిన ప్లేట్లు పనికిరావు. ద్రవంతో పూర్తిగా నిండి మూసుకున్న గదులు, వాటికి సంచుల నుంచి మీడియం నెట్టే చిన్న పంపులు, మధ్యలో బుడగను ఆపే ఉచ్చులు కావాలి. కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఏర్పాటు లేని చోట ఆమ్లత నిలకడగా ఉండేందుకు హెపీస్ లాంటి బఫర్ కలిపిన మీడియం వాడాలి. ఆ మార్పు కణాలకు పడుతుందో లేదో ముందు నల్లగొండలోనే వారాల తరబడి పెంచి చూడాలి.

ఫ్లోరైడ్ అంటే విషం కదా, స్టేషన్ వాళ్లు ఒప్పుకుంటారా అని మీరు ఆందోళన పడ్డారు. ప్రతి రసాయనానికీ వాళ్ల టాక్సికాలజిస్టులు 0 నుంచి 4 దాకా ఒక స్థాయి ఇస్తారు. పేరును కాదు, ఎంత మోతాదు, ఎంత గాఢత అన్నది చూస్తారు. 20 మిల్లీలీటర్ల మీడియంలో 1 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్ ఉందంటే మొత్తం కలిపి 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. అదే గాఢమైన స్టాక్ ద్రావణం పంపి పైన కలుపుతామంటే, లెక్క ఆ స్టాక్ మీద కడతారు. అందుకని పలచన చేసిన ఫ్లోరైడ్ మీడియంను వేరే సంచిలో నింపి పంపి, కక్ష్యలోకి చేరాక పంపు దానికి మారేలా పెట్టుకోవడం తెలివైన పని. నిజానికి పేచీ వచ్చేది ఫ్లోరైడ్‌తో కాదు, చివర్లో కణాలను అక్కడికక్కడ ఆపేయడానికి వాడే ఫార్మలిన్ లాంటి వాటితో. వాటికి ఒకదాని మీద ఒకటిగా రెండు మూడు పొరల మూతలు అడుగుతారు. ఒక పొర లీకైనా ఇంకోటి ఆపాలి. పొరలు పెరిగే కొద్దీ పెట్టె పెద్దదవుతుంది.

ఇంకో లెక్క. ఫ్లోరైడ్ ఇచ్చినవి, ఇవ్వనివి పైన. అవే రెండు రకాలు కింద. నాలుగు గుంపులు. పైనున్న ప్రతి గుంపుకూ కనీసం నాలుగైదు గదులు లేకపోతే ఒకటి పాడైనప్పుడు గణాంకాలు నిలబడవు. ఇవన్నీ చిన్న ఘనంలో పట్టవు. లాకర్ సైజు ఇంక్యుబేటర్ కావాలి. అది కొత్తగా చేయించకండి. ఇదివరకే ఎగిరి వచ్చిన పరికరాన్ని అద్దెకు తీసుకోండి. దాని సేఫ్టీ కాగితాలు ఇప్పటికే ప్యానెల్ చూసి ఉంటుంది కాబట్టి మీ రసాయనాల గురించి మాత్రమే కొత్తగా వాదించుకోవాలి. ఇంటిగ్రేటర్లు సొంత పెట్టె అమ్మాలని చూస్తారు, ఈ సలహా వాళ్ల నోటివెంట మామూలుగా రాదు.

అసలు టెన్షన్ షెడ్యూల్ దగ్గర ఉంటుంది. శుభాంశు శుక్లా వెళ్లిన ఆక్సియం-4 యాత్రే తీసుకోండి. 2025 మే 29న అనుకున్నది, రాకెట్‌లో ఆక్సిజన్ లీకు, స్టేషన్ రష్యన్ మాడ్యూల్‌లో లీకు అంటూ వాయిదా మీద వాయిదా పడి జూన్ 25న బయలుదేరింది. ఆ యాత్రలో 31 దేశాలకు చెందిన దాదాపు 60 ప్రయోగాలున్నాయి. ఎండు గింజలు పంపినవాళ్లకు పెద్దగా నష్టం లేదు. బతికున్న కణాలు పంపేవాళ్లకు ప్రతి వాయిదా కొత్త బ్యాచ్ కిందే లెక్క. సరుకు మోసే స్పేస్‌ఎక్స్ వాళ్ల డ్రాగన్ నౌకలో ప్రయాణానికి సుమారు 24 గంటల ముందు దాకా ఆలస్యంగా ఎక్కించే సౌకర్యం ఉంది. కానీ ఆ 24 గంటల ముందు సరైన వయసున్న కణాలు అక్కడ చేతిలో ఉండాలి కదా. అంటే ఫ్లోరిడాలో లాంచ్ ప్యాడ్ దగ్గరి ల్యాబ్‌లో మేడమ్ మనిషి ఒకరు రోజు విడిచి రోజు కొత్త బ్యాచ్ మొదలుపెడుతూ కూర్చోవాలి. ఈ మనిషి వీసా, బస, వాయిదా పడితే అదనపు వారాల ఖర్చు మీరు పంపిన బడ్జెట్ కాగితంలో ఎక్కడా లేదు.

ఆగిపోయిన కణాలను పైన మైనస్ 80 డిగ్రీల మెల్ఫీ ఫ్రీజర్‌లో పెడతారు. తిరుగు ప్రయాణంలో చల్లటి సంచుల్లో వస్తాయి. సముద్రంలో దిగిన క్యాప్సూల్ నుంచి హైదరాబాద్ విమానాశ్రయం కస్టమ్స్ దాటి నల్లగొండ చేరేదాకా ఎక్కడా కరగకూడదు. దారంతా డ్రై ఐస్ మళ్లీ నింపే మనిషి ఎవరు, ఎక్కడ అన్నది పేరుతో సహా రాసి పెట్టుకోండి. పైన అంతా సజావుగా జరిగి కింద గోదాములో శనివారం సాయంత్రం పాడైన నమూనాలు ఈ రంగంలో అందరికీ తెలిసినవే.

ఇక ఆముదం. పాలమూరు, నల్లగొండ చెల్కల్లో వానాధారంగా పండే పంట, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో దీని మీద పనిచేసే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, కాబట్టి సార్ ఎంచుకోవడంలో అర్థం ఉంది. కానీ మొలకెత్తించాలన్న పట్టుదల దగ్గర నేను అడ్డుపడతాను.

ఆక్సియం-4లో మెంతులు, పెసర్లు మొలకెత్తించారు. అవి రెండు మూడు రోజుల్లో మొలకలొచ్చే గింజలు. 2024 డిసెంబర్ 30న వెళ్లిన పీఎస్ఎల్‌వీ చివరి దశ మీద, అంటే పోయెమ్-4లో, ఇస్రో 8 బొబ్బర్ల గింజలు పెడితే నాలుగు రోజుల్లో మొలకలొచ్చాయి. ఆముదం అలాంటిది కాదు. పెంకు గట్టిది, వారం పది రోజులు పడుతుంది, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. రెండు వారాల యాత్రలో అది మొలకెత్తేసరికి తిరుగు ప్రయాణం దగ్గరపడుతుంది. మొలకెత్తిందే అనుకున్నా లావైన కాండం, వెడల్పైన ఆకులతో 10 సెంటీమీటర్ల పెట్టె పైకప్పుకు తగులుకుంటుంది. వంగింది భారరహిత స్థితి వల్లనా, మూత తగలడం వల్లనా అంటే ఏం చెప్తారు?

పైగా బూజు. పొలంలో గెలలను బూజు తెగులు ఏం చేస్తుందో సార్‌కు నాకన్నా బాగా తెలుసు. మూసిన తేమ పెట్టెలో గాలి కదలదు. వేడిగాలి పైకి, చల్లగాలి కిందికి అనే సహజ ప్రవాహం అక్కడ లేదు. గింజ మీద ఒక్క బీజాంశం మిగిలినా పెట్టె దానిదే. 2015 చివర్లో స్టేషన్‌లోని వెజ్జీ అనే మొక్కల గదిలో జినియా పూలమొక్కలకు తేమ ఎక్కువై బూజు పట్టింది. కింది నుంచి వచ్చే షెడ్యూల్ ప్రకారం కాకుండా మొక్కను చూసి నీళ్లు పోసే అధికారం వ్యోమగామి స్కాట్ కెల్లీకి ఇచ్చారు. ఒక పేజీ సూచనలు మాత్రం పంపారు. 2016 జనవరిలో పూలు పూశాయి. అది మనిషి రోజూ చూసుకునే బహిరంగ అమరిక కాబట్టి కుదిరింది. సార్ పెట్టెను ఎవరూ తెరవరు.

ఆముదానికి ఇంకో తలనొప్పి రైసిన్. నూనెలో ఉండదు, గింజలో ఉంటుంది. రసాయనిక ఆయుధాల ఒప్పందం మొదటి షెడ్యూల్‌లో పేరున్న విషం. గింజ చెక్కుచెదరకుండా రెండు సంచుల్లో మూసి ఉంటే వాదించొచ్చు. నలిగినా, పొడి రాలినా వ్యవహారం మారిపోతుంది. ఈ మాట ఇంటిగ్రేటర్‌కు మొదటి ఉత్తరంలోనే రాయండి. సేఫ్టీ ప్యానెల్ తనంతట తాను కనిపెడితే, దాచారనుకుంటుంది.

నేనైతే సార్‌కు చెప్పేది, మొలక ఆలోచన మానేసి ఎండు గింజలు పంపమని. కరెంటు వద్దు, వ్యోమగామి చేయి వద్దు, రాకెట్ ఆలస్యమైనా ఫరవాలేదు. 100 గింజలు కలిపినా 30 గ్రాముల దరిదాపుల్లోనే ఉంటాయి. కొన్ని నెలలు పైన ఉంచి, తిరిగి తెప్పించి, పక్కనే అదే సంచిలోంచి తీసి కిందే ఉంచిన గింజలతో కలిపి పాలెం లాంటి చోట వేయండి. మొలక శాతం, గెల సైజు, తర్వాతి తరం ఏమైందన్నది చూడొచ్చు. ఆక్సియం-4లో కేరళ వాళ్లు పంట గింజలు పంపింది ఇలాంటి ఆలోచనతోనే. కాగితాల పని మాత్రం రెండు వైపులా ఉంటుంది. వెళ్లేటప్పుడు అక్కడి ప్లాంట్ క్వారంటైన్, తిరిగొచ్చేటప్పుడు మన 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు. మన గింజే మనకు దిగుమతి అవుతుంది, దానికి ముందే అనుమతి తీసుకుని ఉండాలి.

దివిటిపల్లి కుర్రాళ్ల గురించి క్లుప్తంగా చెప్తాను. వాళ్ల బోర్డు టేబుల్ మీద చల్లగా ఉంటుందంటే చిప్ నుంచి వేడిగాలి పైకి పోతోంది కాబట్టి. ఫ్యాన్ లేని మూసిన పెట్టెలో అక్కడ ఆ వేడి చిప్ చుట్టే నిలబడిపోతుంది. పీవీసీ తీగలు తీసేసి టెఫ్లాన్ తీగలు వాడాలి, లిథియం బ్యాటరీ ఉంటే తీసేయాలి. లేదంటే దాని పరీక్షల ఖర్చు బోర్డు ఖర్చును మించిపోతుంది. రేడియేషన్ దెబ్బకు మెమరీలో ఒక బిట్ తారుమారై ప్రోగ్రాం ఆగిపోతే దానంతట అదే మళ్లీ మొదలయ్యేలా వాచ్‌డాగ్ పెట్టాలి. ఇవి ఎక్కడికి పంపినా తప్పవు. కానీ వాళ్లు కొలవాలనుకున్నదే రేడియేషన్. స్టేషన్ లోపల మనుషులను కాపాడటానికి కట్టిన గోడల మధ్య కూర్చోబెట్టి కొలవడం ఎందుకు? వెనక్కి తేవాల్సిన పని లేదు, మనిషి చేయి పని లేదు, డేటా కిందికొస్తే చాలు. వీళ్లకు పోయెమ్ సరైన దారి. పోయెమ్-4లో 24 పేలోడ్లు వెళ్తే వాటిలో 10 ఇస్రో బయటివాళ్లవే. అంతరిక్ష రంగంలో ప్రైవేటువాళ్లకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్-స్పేస్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. హైదరాబాద్‌లోనే ధ్రువ స్పేస్ లాంటి కంపెనీలు పోయెమ్ మీద ఎగిరిన అనుభవంతో ఉన్నాయి, భాష కూడా కలుస్తుంది. పోయెమ్ బయట శూన్యం కాబట్టి వేడి లెక్క ఇంకా జాగ్రత్తగా వేసుకోవాలి. విదేశీ స్టేషన్ వైపు వెళ్తే స్కోమెట్, అంటే సైనిక అవసరాలకూ పనికొచ్చే వస్తువుల నియంత్రణ జాబితా కింద ఎగుమతి అనుమతుల ప్రశ్న కూడా వస్తుంది. దేశంలోనే ఎగిరితే అది ఉండదు.

తమ డిజైన్ ఎవరైనా కాపీ కొడతారేమో అని వాళ్లు అడిగారు. మందుల కంపెనీలకూ ఇదే భయం. అయినా 2017లో మెర్క్ కంపెనీ తన కీట్రూడా అనే క్యాన్సర్ మందును స్ఫటికాలుగా మార్చే ప్రయోగం స్టేషన్‌లో చేసింది. వ్యోమగామికి కనిపించే లేబుల్ మీద నమూనా ఏ, నమూనా బీ అని ఉంటే సరిపోతుంది. డేటాను గుప్తీకరించి దింపుకోవచ్చు. సేఫ్టీ ప్యానెల్‌కు మాత్రం లోపల ఏముందో మొత్తం చెప్పాల్సిందే, అది ఒప్పందంలో గోప్యంగా ఉంటుంది.

ఖర్చు పంచుకోవడం గురించి. వాణిజ్య పనులకు నాసా 2021లో ప్రకటించిన ధరల పట్టీలో వ్యోమగామి గంట 1,30,000 డాలర్లు, కిలో పైకి 20,000, కిలో కిందికి 40,000. పరిశోధనలన్నీ ఈ ధరకే జరగవు, ప్రభుత్వాల మధ్య ఏర్పాట్లుంటాయి. అయినా దేనికి ఎంత విలువ కడుతున్నారో తెలుస్తుంది. మేడమ్ ల్యాబ్‌లో ప్లేట్లన్నీ మార్చడానికి పట్టే అరగంట అక్కడ అరకోటి రూపాయల పైమాటే. అందుకే వ్యోమగామి చేత చేయించాలనుకున్న ప్రతి పని దగ్గరా, పంపు చేయగలదా అని అడగాలి. పూర్తిగా మానేయడం కూడా పొరపాటే. పంపు మూసుకుపోతే చూసి చెప్పే కన్ను ఒకటి ఉండటం కోసమే కదా మనుషులున్న స్టేషన్ కోరుకునేది. నా లెక్క ప్రకారం పెట్టె ఎక్కించడం, ఒకసారి ఫొటో తీయడం, చివర్లో ఫ్రీజర్‌లో పెట్టడం, ఈ మూడు ఉంచి మిగతావి ఆటోమేటిక్ చేయండి.

మీ ముగ్గురి ప్రయోగాల్లో పంచుకోదగింది పెట్టె కాదు, మనిషి. ముగ్గురికీ కలిపి ఒక ఇంజినీర్‌ను పెట్టుకోండి. మూడు ప్రయోగాలనూ దగ్గరుండి చూసి, అవసరాలను స్టేషన్ వాళ్ల పరిభాషలోకి మార్చి రాసే పని ఆ మనిషిది. వైబ్రేషన్ పరీక్షలు, అనుమతుల కాగితాలు, కస్టమ్స్ కూడా ఆ మనిషే చూడొచ్చు. పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ రెండింటిలో ఏదో ఒకదాని గొడుగు కింద ఆ ఉద్యోగం పెట్టించుకుంటే ఉత్తరాలకు బరువు వస్తుంది. ఇంటిగ్రేటర్‌ను మాత్రం మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. రాకెట్ నెల రోజులు ఆలస్యమైతే అదనపు ఖర్చు ఎవరిది, సేఫ్టీ రివ్యూలో డిజైన్ మార్చమంటే ఆ మార్పు ధరలో కలిసే ఉందా, పైన నా పెట్టె పనిచేయకపోతే నాకు ఏ డేటా, ఎన్ని గంటల్లో అందుతుంది. వీటికి జవాబు దాటవేస్తే ఫారం నింపకండి.

చివరిది, మన స్టేషన్ కోసం ఆగడం. భారతీయ అంతరిక్ష కేంద్రం మొదటి మాడ్యూల్‌కు 2024 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది, లక్ష్యం 2028. మొత్తం ఐదు మాడ్యూళ్లు 2035కి. అంతర్జాతీయ కేంద్రాన్ని 2030 తర్వాత దించేయాలన్నది వాళ్ల ఆలోచన. మేడమ్ ప్రయోగం ఇవాళ మొదలుపెట్టినా సిద్ధం కావడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి ఏ స్టేషన్ అన్నది ఇప్పుడే తేల్చాల్సిన అవసరం లేదు. కణాలు మూసిన గదిలో, బఫర్ మీడియంలో, బుడగ లేకుండా రెండు వారాలు బతకడం ఏ స్టేషన్‌కైనా కావాలి. దాంతోపాటు ఒక క్లినోస్టాట్ సంపాదించండి. నమూనాను నెమ్మదిగా తిప్పుతూ గురుత్వ దిశ కుదురుకోకుండా చేసే యంత్రం అది, ఒక అక్షం మీద తిరిగేది చిన్న మోటారుతో కాలేజీ వర్క్‌షాప్‌లో కూడా చేయించుకోవచ్చు. నిజమైన భారరహిత స్థితికి అది సాటిరాదు, కానీ దాని మీద ఫ్లోరైడ్ ఇచ్చిన కణాలకూ ఇవ్వని కణాలకూ తేడా కనిపిస్తే ఆ గ్రాఫే మీ దరఖాస్తులో మొదటి పేజీ. గ్రాఫ్ వచ్చాక ఇక్కడే పెట్టండి, గదులు ఎన్ని కావాలో, ఏ ఇంక్యుబేటర్ అద్దెకు తీసుకోవచ్చో అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం.